తాజ్ బేగం మూడో గత్

తాజ్ బేగం తబలా వాయించగా చూసినవాళ్ళు జహీరాబాద్‌లో ఎవరూ లేరు. నేనూ చూడలేదు. వాళ్ళ పుట్టింట్లో ఆడవాళ్ళు వాయించకూడదన్న కట్టుబాటు ఉండేది, అత్తింటికి వచ్చాక కూడా ఆమె దాన్ని దాటలేదు. కానీ ఝరాసంగం, మొగుడంపల్లి దాకా ఏ భజన మండలిలో తబలా మోగినా, దాని నడుమ ఉండే నల్లని మచ్చ మాత్రం ఆమె చేత్తో వేసిందే. అన్నం ముద్దలో ఇనుప రజను కలిపి, పొర మీద పొర వేసి, నున్నటి రాయితో గంటల తరబడి రుద్దేది. తబలా చేయొచ్చు గానీ వాయించకూడదా, ఇదెక్కడి న్యాయం అమ్మీ అని ఒకసారి అడిగాను. "వండినోళ్ళు ముందుగాల తింటరా బేటా?" అని నవ్వి మళ్ళీ రుద్దుకుంది.

ఆమె గురించి రాయడానికి నాకు అర్హత లేదు. ఈ మాట వినయం కొద్దీ అనడం లేదు, చదివితే మీకే తెలుస్తుంది. ఊళ్ళో నన్ను విరూపాక్ష మాస్టారని గౌరవిస్తారు, ఎక్కడ పాటకచేరీ పెట్టినా ముందు వరసలో కుర్చీ వేస్తారు. ఆ కుర్చీలో కూర్చున్న ప్రతిసారీ సిగ్గుతో చచ్చిపోతుంటాను. ఎందుకో ఊళ్ళో ఎవరికీ తెలియదు.

ఆమె భర్త సర్వర్ సాబ్ మా ఉస్తాద్. బీదర్ రోడ్డు మొదట్లో, లారీలకు పంచర్లు వేసే కొట్టు పక్కన ఆయన దుకాణం. ముందు గదిలో తబలాలు, ఢోలక్‌లు బాగుచేసేవాడు, వెనక గదిలో కాపురం. ఖవ్వాలీలకు, ఉర్సులకు, మఠంలో భజనలకు, ఎవరు పిలిస్తే వాళ్ళకు వాయించేవాడు. సన్నటి మనిషి. గొంతు పెంచి మాట్లాడగా నేను వినలేదు. వాళ్ళకు పిల్లలు లేరు.

1971లో మా మఠం తబలా పగిలితే పట్టుకుని ఆ దుకాణానికి వెళ్ళాను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు, మా నాయన అల్లం వ్యాపారంలో మూటలకు కావలి కాసే పని. తబలా బాగయి మఠానికి పోయింది, నేను మాత్రం అక్కడే ఉండిపోయాను. "తోలు ముట్టి వచ్చినవా? తానం జేసి లోపలికి రా" అని మా నాయన రోజూ వాకిట్లోనే ఆపేవాడు. చలికాలంలో కూడా చన్నీళ్ళే పోసుకునేవాణ్ణి. అంత పిచ్చి పట్టింది నాకు.

పాఠం చెప్పేది ఉస్తాద్, తప్పులు పట్టేది ఆమె. తీన్‌తాల్ అనే తాళానికి పదహారు మాత్రలు. మొదటి మాత్ర సమ్, ఎంత దూరం తిరిగినా చివరికి అందరూ వచ్చి కలుసుకోవాల్సిన చోటు. తొమ్మిదోది ఖాలీ. అక్కడ ఎడమచేతి డగ్గా గుమ్మనకుండా ఊరుకుంటుంది, తాళంలో తానెక్కడున్నాడో వాయించేవాడికి ఆ వెలితితోనే తెలుస్తుంది. ఇదంతా నేను పుస్తకాల్లో చదవలేదు, వంటింట్లో ఉల్లిగడ్డలు కోస్తూ ఆమె చెబితే విన్నాను. "పదమూడు కాడ ఉరుకుతున్నవ్ విరూపా. సమ్ ఏడికి పోదు, ఆడ్నే ఉంటది" అని తెర వెనక నుంచి మాట వచ్చేది. ఉస్తాద్ తల వంచుకుని నవ్వేవాడు.

పొద్దున పూట ఉస్తాద్ సాధన చేస్తుంటే ఆమె పొయ్యి ముందు కూర్చుని ఆ బోలులన్నీ, అంటే తబలా పలుకులన్నీ, నోటితో చదివేది. ధా తిరకిట, ధా తిరకిట అంటూ రొట్టె తిప్పేది. ఆయన చేయి, ఆమె నోరు ఒక్కసారే సమ్ మీదికి వచ్చేవి. భార్యాభర్తలు కూర్చుని ముచ్చట్లాడుకోవడం నేను పెద్దగా చూడలేదు, వాళ్ళ ముచ్చటంతా అదే.

ఇక గత్ సంగతి. గత్ అంటే బోలులతో కట్టిన చిన్న రచన. పాటగాడికి కీర్తన ఎట్లాగో తబలా వాడికి గత్ అట్లా. ఆమె తండ్రి హుమ్నాబాద్ వైపు పేరున్న ఉస్తాద్. పెద్ద బిడ్డ పెళ్ళికి బంగారం పెట్టాడు, రెండో బిడ్డ తాజ్ పెళ్ళి నాటికి ఇంట్లో ఏమీ మిగల్లేదు. ఆ కుటుంబాల్లో ఒక రివాజు ఉండేది. మంచి గత్‌లను ఇంటి సొమ్ముగా దాచుకుని, బిడ్డ పెళ్ళికి జహేజ్ కింద, అంటే సారెగా, ఇచ్చేవాళ్ళు. నిఖా అయిన మర్నాడు పొద్దున రెండు వైపుల పెద్దల ముందు ఆయన మూడు గత్‌లు చదివి, ఇవి ఇక నా బిడ్డవి అన్నాడట. ఆ రోజు తర్వాత ఆయన వాటిని మళ్ళీ వాయించలేదు, కొడుకులకు నేర్పలేదు. బిడ్డకు పెట్టిన నగ తండ్రి మళ్ళీ తీసుకుంటాడా? అన్నలు మాత్రం అలిగి కొన్నేళ్ళు గడప తొక్కలేదట. "బంగారం పెట్టిన అక్కకాడికి అందరు పోయెటోళ్ళు. నా మీద కుళ్ళుకున్నరు, జూడు" అని ఆమె గొప్పగా చెప్పుకునేది.

అందులో రెండు గత్‌లు ఉస్తాద్ సభల్లో వాయించేవాడు. వాయించే ముందు ప్రతిసారీ "ఇది మా ఇంటామె జహేజ్" అని పైకి చెప్పి మొదలుపెట్టేవాడు. మూడోది మాత్రం ఆమె అడిగితేనే, ఇంట్లోనే. దాని నడుమ ఒకచోట బోలు ఆగిపోతుంది. ఒకటిన్నర మాత్రల సేపు ఏమీ ఉండదు, ఆ తర్వాత పరుగున వచ్చి సమ్ మీద పడుతుంది. అక్కడ ఎందుకు ఆగాలని అడిగితే, "ఆడపిల్ల గడప దాటెటప్పుడు ఒక్కసారి ఎనుకకు జూస్తది గదా. మా అబ్బా అది ఆడ పెట్టిండు" అంది.

నేను చేరిన ఏడేళ్ళకు, 1978లో ఒక ఆదివారం ఆమె తెర పక్కకు జరిపి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. ఉస్తాద్ పక్కనే ఉన్నాడు.

"నాకు పిల్లలు లేరు. ఇది నాతోని మట్టిల కలుస్తదని ఫికరైతుంది. నీకిస్త" అంది.

నేను తబలా మీది నుంచి చేతులు తీసేశాను.

"ఏడనన్న వాయించుకో, గని నా పేరు జెప్పి వాయించు. కాయిదం మీద రాయకు. ఎవ్వలకన్న నేర్పాల్నంటే నన్నడుగు. నేను వద్దన. గని అడుగు."

ఆమె కాళ్ళకు మొక్కాను. మూడు వారాలు పట్టింది నాకు ఆ గత్ చేతికి రావడానికి. ఆమె చదివేది, నేను వాయించేవాణ్ణి, ఉస్తాద్ చేత్తో తాళం చూపేవాడు. నా బతుకులో అంతకంటే మంచి రోజులు లేవు.

రెండేళ్ళు తిరిగాయి. నాకు పెళ్ళయింది, ఒక బిడ్డ పుట్టింది, ఆ ఏడు అల్లానికి కుళ్ళు పట్టి మా నాయన వ్యాపారం కూర్చుంది. బస్సులో రెండు గంటల దూరంలో ఒక సంగీత పాఠశాలలో తబలా మాస్టరు పోస్టు పడిందంటే వెళ్ళాను. పరీక్ష చేసే ముగ్గురిలో పెద్దాయన జగన్‌మోహన్ గారు, రేడియోలో పేరున్న విద్వాంసుడు. పట్నం నుంచి వచ్చిన యువకులు నలుగురు నా కంటే ముందు వాయించారు. వాళ్ళ చేతులు చూస్తే నా చేతులు దాచుకోవాలనిపించింది. నా వంతు వచ్చి నాకొచ్చినవన్నీ వాయిస్తుంటే జగన్‌మోహన్ గారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. భయమేసింది. మూడో గత్ ఎత్తుకున్నాను.

ఆమె పేరు చెప్పలేదు. మరిచిపోయానంటే అబద్ధం, నోటి దాకా వచ్చింది. జహీరాబాద్‌లో తబలాలు రుద్దుకునే ఆమె పేరు ఈ పెద్దవాళ్ళ ముందు ఏం చెబుతాంలే అనిపించింది. బోలు ఆగే చోటు రాగానే ఆయన తల నా వైపు తిప్పాడు.

"ఇదెక్కడిదండీ?"

"పాత గత్ అండి."

"మళ్ళీ ఒకసారి వాయించండి."

వాయించాను. అయ్యాక ఆయన జేబులోంచి పెన్ను తీసి నా ముందు పెట్టి, చాలా మర్యాదగా, "శ్రమ అనుకోకపోతే రాసిస్తారా?" అన్నాడు. బెదిరించి ఉంటే బాగుండేది, ఇవాళ ఆయన మీద కోపంతోనైనా బతికేవాణ్ణి. ఆయన అడిగాడంతే. నేను కింద కూర్చుని రెండు పేజీలు రాసిచ్చాను, ఆగే చోట ఎంతసేపు ఆగాలో కూడా గీత గీసి మరీ చూపించాను. పదకొండో రోజున ఉద్యోగం కాగితం ఇంటికి వచ్చింది.

మిఠాయి తీసుకుని ఉస్తాద్ ఇంటికి వెళ్ళాను. తాజ్ బేగం మొదటి ముక్క నా నోట్లో పెట్టి, మిగతాది పంచర్ల కొట్టువాళ్ళ దాకా పంచింది. "నా బేటా నౌకరీల చేరిండు" అని అందరికీ చెప్పింది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు. నేను లెక్కపెట్టడంతో ఆగలేదు, ఒక వాసం ఊడబెరికి ఇచ్చేసి వచ్చి ఆ ఇంట్లోనే కూర్చుని మిఠాయి తిన్నాను. మొదటి జీతం రాగానే ఆమెకు ఒక రేడియో కొనిచ్చాను. లోపల ఏదో కొరుకుతుంటే మనిషి ఇలాంటి పనులే చేస్తాడు.

ఆ రేడియోనే నా ముఖం మీద కొట్టింది. 1983 వానాకాలం, ఆదివారం మధ్యాహ్నం. నేను అలవాటు ప్రకారం బస్సు దిగి ఉస్తాద్ ఇంటికి వచ్చాను. భోజనాలయ్యాయి. ఆమె కొత్త తబలా ఒళ్ళో పెట్టుకుని రాయితో రుద్దుతోంది. ఇప్పుడు జగన్‌మోహన్ గారు తమ స్వీయరచన ఒకటి వినిపిస్తారని రేడియోలో చెప్పారు. మొదటి నాలుగు బోలులు పడేసరికి ఆమె చేతిలో రాయి ఆగిపోయింది. పెదవులు వాటంతటవే కదలడం మొదలుపెట్టాయి. ఆగాల్సిన చోట రేడియో ఆగింది, ఆమె కూడా ఆగింది, ఇద్దరూ కలిసి సమ్ మీదికి వచ్చారు. రేడియోలో చప్పట్లు కొట్టారు.

"స్వీయరచన అంటే ఏంది విరూపా?" అని నన్నే అడిగింది.

"సొంతంగ కట్టింది అని అమ్మీ."

"ఇది మా అబ్బా కట్టింది." రేడియో తనే ఆపేసింది. "అబ్బా పోయినంక ఇది ఎర్కున్నది ఈ లోకంల మనం ముగ్గురమే. ఎవలిచ్చిన్రు?"

దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను. ఉస్తాద్ నా వైపు చూశాడు. పన్నెండేళ్ళుగా ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పినవాడు, నా ముఖంలో ఎప్పుడు తాళం తప్పుతుందో ఆయనకు తెలియనిది కాదు. ఒక్క చూపు సరిపోయింది. మెల్లగా ఆమె వైపు తిరిగాడు.

"నేనే ఇచ్చిన తాజ్. ఆ యేడు పట్నం పోయి పది దినాలు ఉంటి గదా. ఆయన అడిగిండు, ఇచ్చిన."

"నన్నడగలే."

"అడగలే."

అంతే. ఆమె సగం రుద్దిన తబలా మీద గుడ్డ కప్పి లోపలికి వెళ్ళిపోయింది. నేనప్పుడు నోరు తెరిస్తే చాలు. 'నేనిచ్చిన అమ్మీ' అని రెండు మాటలు. పదహారు మాత్రల్లో పట్టని మాటలేం కావు. అవి రాలేదు.

ఉస్తాద్ నన్ను బస్సు దాకా సాగనంపడానికి వచ్చాడు. బొంబాయి రోడ్డు మీద లారీల నడుమ నిలబడి నేను ఏడ్చాను. ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తానన్నాను.

"నోరు తెర్వకు. నిన్ను కొడుకనుకుంటది" అన్నాడు. "మొగని మీద కోపం నాల్గు దినాలల్ల పోతది. కొడుకు మీదిది పోదు. నేను జూస్కుంట."

బస్సు వచ్చింది. ఎక్కి కూర్చున్నాను.

నాలుగు దినాల్లో పోలేదు. ఆమె భర్తతో జగడమాడలేదు, వండి పెట్టడం మానలేదు, ఆయనకు దగ్గొస్తే కషాయం కాచి ఇచ్చింది. బోలులు చదవడం మాత్రం మానేసింది. పొద్దున ఆయన తబలా ముందు కూర్చోగానే బకెట్ తీసుకుని పెరట్లోకి పోయేది. మొదట్లో ఆయన సమ్ దగ్గరికి వచ్చినప్పుడల్లా తెర వైపు చూసేవాడు. ఒక ఆదివారం నేనున్నప్పుడే ఆయన సమ్ దాటిపోయాడు. నలభై ఏళ్ళు వాయించిన చేయి అది. తెర వెనక నుంచి మాట వస్తుందేమోనని ఇద్దరం కాసేపు చూశాం. తర్వాత ఆయన తబలా పక్కన పెట్టి, బాగుచేయాల్సిన ఢోలక్ ముందుకు లాక్కున్నాడు.

నన్ను చంపిన మాట ఇంకొకటుంది. "నీ తానొక్కతాన్నే అది భద్రంగున్నది బేటా. నువ్వొక్కనివే నా మాట నిలబెట్టినవ్" అని ఆయన ముందే నాతో అనేది. ఆయన నేల వైపు చూస్తూ ఉండిపోయేవాడు. నేను అన్నం కలుపుకుంటూ ఉండేవాణ్ణి. గురువు వద్దన్నాక ఆయన మాట దాటకూడదు కదా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అంతకు ముందు గురుపత్ని మాట దాటినప్పుడు ఈ శాస్త్రం నాకు గుర్తు రాలేదు.

1987 చలికాలంలో ఉస్తాద్‌కు దమ్ము ఎక్కువై ఊపిరాడక దవాఖానలో వేశారు. ఆరు రోజులున్నాడు. మంచం కడ్డీ మీద ఆయన వేళ్ళు మెల్లగా కదిలేవి, ఏ కాయిదానో, ఏనాటి పాఠమో నాకు తెలుస్తూనే ఉండేది. ఆమె తల దగ్గరే కూర్చుని వింటూ ఉండేది. చెమ్చాతో నీళ్ళు పోసేది, దుప్పటి సర్దేది, పెదవి మాత్రం కదపలేదు. నేను మంచానికి ఇవతల నిలబడి ఇద్దరినీ చూశాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. ఆరో రోజు పొద్దున ఆయన పోయాడు.

నలభయ్యో రోజు ఫాతిహా అయి, వచ్చినవాళ్ళు తిని వెళ్ళిపోయాక, ముందు గదిలో మేమిద్దరమే మిగిలాం. మధ్యాహ్నం రెండయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను అప్పుడు నోరు తెరిచాను.

"అమ్మీ, గత్ ఇచ్చింది ఉస్తాద్ గాదు. నేను."

పరీక్ష, పెన్ను, రెండు పేజీలు, అన్నీ చెప్పాను. కొడుతుందనుకున్నాను, శపిస్తుందనుకున్నాను. నిజం చెప్పాలంటే అదే కావాలని వచ్చాను. ఆమె కదలకుండా వింది.

"రాసిచ్చినవా?"

"రాసిచ్చిన."

"ఆయనకెర్కనా?"

"రేడియోల వచ్చిన దినమే ఎర్కయింది, నా మొఖం జూసి. నోరు తెర్వద్దన్నడు."

బయట లారీ చక్రం విప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నాలుగేండ్లు" అంది. "ఆయన వాయిస్తాంటె నేను లేచి బయటికి పోయిన."

"నాకు మాఫీ ఇయ్యి అమ్మీ."

"అప్పుడే చెప్తే నీ నౌకరీ పోతుండెనా?"

"పోకపోతుండె."

"నేను నిన్ను ఇంట్లకు రానియ్యకపోతుంటినా?"

ఆలోచించాను. ఆమె సంగతి నాకు తెలుసు. "రానిస్తుంటివి" అన్నాను.

"మరి?"

దానికి జవాబు ఒక్కటే ఉంది, చెప్పడానికి సిగ్గయింది, అయినా చెప్పాను. "నువ్వు నన్ను మంచోడనుకుంటుంటివి. అదొక్కటి పోవద్దనుకున్న."

ఆమె తల ఊపింది, ఒక లెక్క తేలినట్టు. కోపం లేదు ముఖంలో. ఉంటే బాగుండేది.

"మాఫీ ఇచ్చిన, పో. గత్‌దేముంది, నోటి మాటలు. నీకు నేనున్న గనుక అడిగినవ్, ఇచ్చిన" అంది. ఉస్తాద్ తబలా వైపు చూసి, "నేనెవల్ని అడగాలె విరూపా?" అంది.

నన్ను దెప్పడానికి అన్న మాట కాదది. చదువుకున్నవాణ్ణి, మాస్టర్ని, నాకేమన్నా తెలిసి ఉంటుందేమోనని నిజంగానే అడిగి, జవాబు కోసం నా ముఖంలోకి చూస్తూ కూర్చుంది.